నా ఐరిష్ నగల పంపకం

సింగపూరు, హౌగాంగ్ నివాసి, అడపా జగన్మోహనరావు గారి భార్య, బందరు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల పనివారింట పుట్టిన ఆడపిల్ల, అరవై ఆరేళ్ళ అడపా తారాదేవి అను నేను, నా సొంత చేత్తో, నా సొంత భాషలో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న ఆఖరి వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉంది. ఈ మాట మా ఆయన ఒప్పుకోకపోవచ్చు గానీ మా డాక్టరమ్మ ఒప్పుకుంది.

వచ్చే వారం నా కడుపులో గడ్డ తీస్తారు. "ఏం భయం లేదు ఆంటీ" అని ఆవిడ చెప్పిన తీరు చూశాకే ఈ కాగితాలు తెప్పించుకున్నాను. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. "సరే, ఇది నీకే ఇస్తాలే" అని నోటిమాటగా ఎవరితోనైనా అని ఉంటే, వాళ్ళు వదలకుండా అడుగుతుంటే విసుగొచ్చి అన్నది. అది చెల్లదు.

దీన్ని ఇంగ్లీషులోకి మార్చి కోర్టుకు పెట్టాల్సిన లాయరు నిదా హైదరాబాదు పిల్ల. తెలుగు చదవగలదు. నా చిత్తుప్రతి చదివి, "ఆంటీ, విల్లుల ఎవరికేమిస్తున్నరో రాస్తే సాలు, కోపాలన్నీ ఎందుకు?" అంది. కోపాలు తీసేస్తే ఎవరికి ఏది ఎందుకిస్తున్నానో ఎవరికీ అర్థం కాదమ్మా అన్నాను. కాబట్టి రెండూ రాస్తున్నాను.

1. ఈ వీలునామాను నా భర్త జగన్మోహనరావు గారూ, నా కూతురు మహతీ ఇద్దరూ కలిసి అమలు చేయాలి. ఒకరు లేకుండా మరొకరు పెట్టిన సంతకం చెల్లదు.

ఈ తండ్రీకూతుళ్ళు నాలుగేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఆ సంగతి తెలిసి, మూడో మనిషిని ఎవరినైనా పెట్టుకోమని నిదా సలహా ఇచ్చింది. ఇన్నాళ్ళూ ఆ మూడో మనిషిని నేనే. ఆ ఉద్యోగం నాతోనే రద్దవుతుంది.

ఇద్దరూ ఉండేది హౌగాంగ్‌లోనే. బస్సెక్కితే మూడు స్టాపులు. ఈయన లిటిల్ ఇండియా నుంచి బంగినపల్లి మామిడిపళ్ళ పెట్టె మోసుకొచ్చి, "ఎక్కువొచ్చాయి, ఎవరికైనా ఇచ్చెయ్" అంటారు. షుగరున్న ఇద్దరు ముసలివాళ్ళం పెట్టెడు పళ్ళు ఏం చేసుకుంటామని కొన్నారో అడగకూడదు. ఆ ఎవరికైనా అన్నది ఎవరో నాకు తెలుసు కాబట్టి సంచీ పట్టుకుని నేను బస్సెక్కాలి. అక్కడ ఆవిడ గారు పళ్ళు తీసుకుని, "అమ్మా, మీ హజ్బెండ్ బీపీ ఎలా ఉంది?" అంటుంది. మా హజ్బెండ్! దానికేమీ కానట్టు. "నువ్వే అడగరాదూ?" అంటే, "ఆయన అడగరు, నేనెందుకు అడగాలి లా" అని సింగపూరు యాస తగిలించి అంటుంది. ఇంటికొస్తే ఈయన చెప్పులు విప్పనివ్వకుండా, "పళ్ళు బాగున్నాయన్నారా?" అంటారు. ఎవరు అన్నారా అని అడుగుతున్నారో మాత్రం చెప్పరు. ఈ రవాణా నాకు చాలు.

2. ఫ్లాటు మా ఇద్దరి పేరు మీదా ఉంది గనక చట్టప్రకారం ఆయనకే పోతుంది. నేను రాయనక్కర్లేదు. వంటింట్లో సామానంతా కూడా ఆయనదే. ఏ డబ్బా ఎక్కడుందో పెళ్ళయినప్పటి నుంచీ నన్ను అడుగుతూనే ఉన్నారు. ఇకమీదట తలుపులు తెరిచి వెతుక్కోవాలి.

3. నాది అని నేను చెప్పుకోగలిగినవి, నా చేత్తో చేసిన వెండి నగలు. ఐరిష్ వాళ్ళ పాత గుర్తులతో చేసినవి. పాతికేళ్ళుగా చెబుతున్నా ఏది ఏమిటో ఈ ఇంట్లో ఎవరూ సరిగ్గా తెలుసుకోలేదు. రేపు పెట్టె తెరిచి తికమక పడకుండా మళ్ళీ, ఆఖరిసారిగా చెబుతున్నాను.

మధ్యలో చదరం ఉండి, నాలుగు చేతులూ నాలుగు వైపులకు కాస్త పక్కకు జరిగి ఉంటే అది బ్రిజిడ్ శిలువ. వాళ్ళ పల్లెల్లో రెల్లుతో అల్లి ఇంట్లో గుమ్మం మీద పెట్టుకుంటారు, నిప్పు భయం ఉండదని. శిలువ చుట్టూ చక్రం ఉంటే కెల్టిక్ శిలువ. ఒకే తీగ తిరిగి తిరిగి మూడు కొనలు తేలితే త్రిత్వం ముడి. మూడాకులు ఉన్నది షామ్రాక్. మెంతాకు కాదు. మెంతాకు లాకెట్టు నేనెందుకు చేస్తాను? రెండు చేతులు ఒక గుండెను పట్టుకుని, గుండె మీద కిరీటం ఉంటే అది క్లాడా ఉంగరం. అందులో చేతులు స్నేహం, గుండె ప్రేమ, కిరీటం మాట తప్పకపోవడం. దాన్ని చూసి మతం మారావా అని నన్ను అడిగినవాళ్ళు ఉన్నారు. మారలేదు. పొద్దున్నే వేంకటేశ్వరస్వామికి దీపం పెట్టి, ఆ తరవాతే అతుకులేసే గ్యాసు టార్చి వెలిగిస్తాను.

4. ఈ పని నాకెలా పట్టుబడిందో కూడా రాయాలి, లేకపోతే ఏడో క్లాజు అర్థం కాదు.

మా బ్లాకులోనే తొమ్మిదో అంతస్తులో నూలా అని ఒక ఐరిష్ ఆవిడ ఉండేది. పిల్లలకు పియానో నేర్పేది. పెళ్ళి చేసుకోలేదు. కందిరీగ కుట్టి వేలు వాచిపోతే ఆసుపత్రిలో ఆమె క్లాడా ఉంగరం కత్తిరించి తీశారట. అది వాళ్ళమ్మది, అంతకుముందు వాళ్ళమ్మమ్మది. తెగిన ఉంగరాన్ని రుమాల్లో చుట్టుకుని ఎన్ని కొట్లు తిరిగినా, ఇలాంటిదే కొత్తది కొనుక్కోమన్నారు తప్ప ఎవరూ అతుకుతామనలేదట. నేనప్పుడు చుట్టుపక్కలవాళ్ళ తెగిన గొలుసులు అతికేదాన్ని. లిఫ్టులో నా చేతిలో పట్టకారు చూసి ఆగి అడిగింది. నా పేరు కూడా అడిగింది. తార అన్నాను. లిఫ్టు తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి, "మా దేశంలో తార ఒక కొండ పేరు, తెలుసా? పూర్వం రాజులకు అక్కడే పట్టాభిషేకం చేసేవారు" అని చెప్పింది. లిఫ్టు గంట కొట్టుకుంటూనే ఉంది. అత్తవారింట్లో నన్నెవరూ కొండతో పోల్చలేదు. పోల్చినా ఆ ఉద్దేశంతో కాదు.

మా నాన్న నేర్పినట్టు వెలిగారం రాసి, అతుకు వేలికి తగలకుండా ఉంగరం అతికిచ్చాను. నూలా దాన్ని వేలికి పెట్టుకుని నా కుర్చీలోనే కూర్చుని ఏడ్చింది. మా ఆయన బయటి నుంచి వచ్చి, "ఏంటి, కాల్చావా ఆవిణ్ణి?" అన్నారు.

ఆ తరవాత కింద కాఫీ షాపులో కూర్చుని, టీలో వేలు ముంచి బల్ల మీద ఒక ముడి గీసింది. దాని మొదలూ చివరా కనబడదనీ, దేవుడి లాంటిదనీ చెబుతోంది. నాకు నవ్వొచ్చింది. అది మా మెలికల ముగ్గు. చుక్కల చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చే గీత. నేనూ టీలో వేలు ముంచి చుక్కలు పెట్టి, చెయ్యెత్తకుండా ఇంకాస్త పెద్దది గీసి చూపించాను. పక్క బల్ల దగ్గర భోంచేస్తున్న చైనీసు తాతగారు చాప్‌స్టిక్స్ ఆపి చూశారు. బల్ల తుడిచే ఆంటీ వచ్చి మా ఇద్దరినీ తిట్టి తుడిచేసింది. ఆ మధ్యాహ్నమే నూలా వెండి తీగ కొనుక్కొచ్చింది.

ఆ శిలువకు పేరిచ్చిన బ్రిజిడ్ కొలిమి పనివాళ్ళకు కూడా దేవత అని నూలాయే చెప్పింది. ఆడదాని చేతికి కొలిమి అప్పజెప్పిన దేశం కూడా ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మా నాన్న పని నేర్పాడు గానీ నాన్న పీట మీద నన్ను కూర్చోనివ్వలేదు.

చేసినవి చర్చి బజారులో అమ్మకానికి పెడితే, ముడులు క్రీస్తు పూర్వపు మూఢనమ్మకాలని ఒకావిడ కమిటీకి ఫిర్యాదు చేసింది. తెలుగువాళ్ళ వనభోజనంలో పెడితే శిలువలెందుకు తెచ్చారని ఇంకొకావిడ ఫిర్యాదు చేసింది. ఇద్దరూ ముందు చెరో జత చెవి రింగులు కొనుక్కున్నారు.

5. గుమ్మం మీదున్న బ్రిజిడ్ శిలువ అక్కడే ఉండాలి. దాన్ని ఎవరికీ ఇవ్వడం లేదు. ఇల్లమ్మితే మేకుతో సహా కొన్నవాళ్ళకే.

దాన్ని పెట్టిన రోజు మా ఆయన, "మన ఇల్లు ఏ మతమో కరెంటు మీటరు చూసేవాడికి కూడా అర్థం కాదు" అన్నారు. తరవాత ఒకసారి నా గ్యాసు టార్చి గొట్టం అంటుకుంది. ఆయనే తడిపిన దుప్పటి తెచ్చి కప్పి ఆర్పారు. నన్ను అరగంట తిట్టారు. మర్నాడు నేను మార్కెట్టు నుంచి వచ్చేసరికి స్టూలెక్కి ఆ శిలువకు దుమ్ము తుడుస్తున్నారు. ఏమిటంటే, "సాలెపురుగు" అన్నారు. అప్పటి నుంచి ప్రతి నెలా సాలెపురుగు వస్తూనే ఉంది.

6. మా మరిది ఉపేంద్రకు నా భూతద్దం ఇస్తున్నాను. ఇకనైనా ఏది ఏమిటో సరిగ్గా చూసి మాట్లాడతాడని ఆశ.

త్రిత్వం ముడి లాకెట్టు నా మెడలో చూసి, "వదిన శిలువ వేసుకుంది, మతం పుచ్చుకుంది" అని ఊరంతా చెప్పినవాడు ఇతనే. మూడు కొనలున్నది శిలువ ఎలా అవుతుంది? కట్టడాల కొలతలు వేసి బతికే మనిషికి మూడుకీ నాలుగుకీ తేడా తెలియకపోతే ఎలా? నేను నిలదీస్తే, "అయినా వదినా, ఇవన్నీ కరిగించేసి వినాయకుడి లాకెట్లు చేస్తే నాలుగు అమ్ముడుపోతాయి కదా" అన్నాడు. అవి అమ్ముడుపోతాయి. నాకు చేయాలని లేదు. నాకు చేయాలనిపించింది చేయడానికి నేను ఎవరి అనుమతి తీసుకోవాలో అతను చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఇతని వల్లే జరిగింది. అది కింద వస్తుంది.

7. నూలా ఉంగరం.

నూలాకు జబ్బు చేసి ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు మహతీ నేనూ చూడ్డానికి వెళ్ళాం. ఉంగరం తీసి మహతి వేలికి పెట్టింది. "ఇది తల్లి నుంచి కూతురికి వెళ్ళాలి. నాకు కూతురు లేదు. తారకుంది" అంది. ఎలా పెట్టుకోవాలో కూడా చెప్పింది. గుండె మొన వేలి కొస వైపు ఉంటే మనసు ఖాళీగా ఉన్నట్టు. మణికట్టు వైపు తిప్పుకుంటే ఎవరికో ఇచ్చేసినట్టు. మహతి అప్పుడు చదువుకుంటోంది. ఉంగరం ఎప్పుడూ తియ్యలేదు.

క్లెమెంటి నుంచి ఒక ప్రొఫెసరు గారి కుటుంబం సంబంధానికొచ్చారు. ఆ తల్లి నా పనిబల్ల మీద ఆరబెట్టిన శిలువలు చూసి ముందే ముడుచుకుపోయింది. "అమ్మాయి వేలికేంటమ్మా, చేతులూ గుండే?" అని అడిగింది. మహతి ఉంగరమున్న చెయ్యి ముందుకు చాపి, "ఆంటీ, ఇది టు-లెట్ బోర్డు. ఇలా ఉంటే ఖాళీ. తిప్పితే ఖాళీ లేదు" అంది. ఆవిడ పకోడీ కింద పెట్టేసింది. మర్నాడు వద్దని కబురొచ్చింది. తప్పు నా పనిబల్లదని మా ఆయన తేల్చారు. కూతురు నోటిదని ఒక్క మాట అనలేదు, ఎందుకంటే ఆ జవాబుకు తలుపు చాటున నిలబడి నవ్వింది ఆయనే.

ఆ తరవాత రెండేళ్ళకు, ఒక ఉదయం ఇడ్లీ తింటుంటే, మహతి వేలికి గుండె మొన లోపలికి తిరిగి ఉంది. నేను చూశాను. నేను చూసినట్టు అది చూసింది. ఇంకో రెండిడ్లీలు వేశాను. కుర్రాడు చాంగీ బిజినెస్ పార్కులో దాని పక్క ఆఫీసు, పేరు అర్సలాన్, హైదరాబాదు వాళ్ళు అని తరవాత చెప్పింది. "నాన్నకు నేనే చెబుతా, నువ్వు చెప్పకు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. అలాగేనన్నాను. ఏడాది గడిచింది. ఏడాది పాటు ఆ మనిషి ఎదురుగా కూర్చుని అదే చేత్తో అన్నం కలుపుకుంది. ఆయన దాని కంచంలో నెయ్యి వేశారు, పేపరు చదివారు, క్రికెట్ మాట్లాడారు. ఉంగరం మాత్రం చూడలేదు. అదీ చెప్పలేదు. రోజూ "ఇవాళ చెబుతా" అనేది. రోజూ నాకు అన్నం సహించేది కాదు.

ఒక శనివారం ఉపేంద్ర ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మహతి ఎక్స్‌పో స్టేషన్లో ఎవరో కుర్రాడితో కనబడింది. నాకు పరిచయం చేసింది కూడా. అర్సలాన్ అంట. నీకు తెలిసే ఉంటుందిలే" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర ఆయన కంచం ముందు కూర్చుని, "నాకు తప్ప ఊరందరికీ తెలుసా?" అన్నారు.

"నాన్నా, వన్ ఇయర్ నుంచి మీ ముందే కూర్చుంటున్నా. రింగు చూడలేదా?" అంది.

"ఉంగరం చూసి తెలుసుకోవాలా నా కూతురి పెళ్ళి సంగతి?"

"యూ నెవర్ ఆస్క్ ఎనీథింగ్. మ్యాచ్ స్కోరు తప్ప మీరు నన్ను ఏం అడుగుతారు?"

"అయితే ఉంగరంతోనే చెప్పుకో. నాతో ఎందుకు?" అన్నారు.

మహతి ఉంగరం తీసి, ఆవకాయ జాడీ పక్కన పెట్టింది. "మీ దగ్గరే ఉంచండి. నన్ను ఏమైనా అడగాలనిపించిన రోజు ఇవ్వండి" అని లేచి వెళ్ళిపోయింది.

కుర్రాడి మతం గురించి ఆ రోజు ఒక్క మాట కూడా రాలేదు. ఆ తరవాత చుట్టాలు అందరూ అదే గొడవ అనుకున్నారు, కొందరు ఆయన్ని ఓదార్చడానికి కూడా వచ్చారు. ఆయన ఒకాయన్ని, "ఆ పిల్లవాడిలో మీకు కనబడిన లోపమేంటి?" అని అడిగి పంపించేశారు. ఈయన బాధ తనకు ఆఖరున తెలిసిందని. దాని బాధ తనను ఎన్నడూ అడగలేదని. రెండూ ఒకే బాధ అని ఇద్దరికీ విడివిడిగా చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

రిజిస్టరు పెళ్ళి రోజు ఈయన పొద్దున్నే లేచి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. వేసుకున్నారు. బూట్లు కూడా వేసుకుని సోఫాలో కూర్చున్నారు. టాక్సీ వచ్చింది, లేవండి అంటే, "నాకెవరూ చెప్పలేదు" అన్నారు. నేను చెబుతున్నాను కదా అన్నాను. "నువ్వు కాదు" అన్నారు. నేనొక్కదాన్నే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బూట్లతోనే కూర్చుని ఉన్నారు. భోజనంలో ఏం పెట్టారు అని అడిగారు.

ఇక చట్టం సంగతి. ఆ ఉంగరం మహతిది గనక నేను వీలునామాలో రాయకూడదని నిదా అంది. మహతిని అడిగాను. "నాన్నకిచ్చేశా" అంది. ఆయన్ని అడిగాను. "నేను తీసుకోలేదు, బల్ల మీద పెట్టింది" అన్నారు. ఇద్దరూ కాదన్న వస్తువు నాలుగేళ్ళుగా నా సొరుగులో ఉంది కాబట్టి అది నాదేనని నేను నిర్ణయించాను. నిదా తల పట్టుకుంది గానీ కాదనలేదు.

కాబట్టి ఆ ఉంగరాన్ని నా భర్తకు ఇస్తున్నాను. ఆయన దాన్ని తన చేత్తో మహతికి ఇవ్వాలి. పోస్టులో పంపకూడదు. ఎవరి చేతా ఇప్పించకూడదు. బల్ల మీద పెట్టి అటు తిరగకూడదు. ఇచ్చేటప్పుడు ఏదో ఒకటి అడగాలి. ఏం అడగాలో నేను చెప్పను, డెబ్బై దాటిన మనిషికి ఆ మాత్రం తట్టాలి. మహతి జవాబు చెప్పాలి. "ఓకే" అన్నది జవాబు కాదు.

నేను పోయిన ఏడాదిలోగా ఇది జరగకపోతే ఉంగరం ఉపేంద్రకు పోతుంది. అతను దాన్ని ఏం చేస్తాడో ఇద్దరికీ తెలుసు. అప్పుడు ఆ వినాయకుడికి దండం పెట్టుకుంటూ కూర్చోండి.

8. నా పనిబల్ల, పట్టకార్లు, టార్చి, తీగ సన్నగా లాగే కమ్మచ్చు, మా నాన్న ఇచ్చిన ఊదుగొట్టం, ఇవన్నీ అల్లుడు అర్సలాన్‌కు ఇస్తున్నాను. నేను చేసినవి చూసి "ఇది ఎట్ల చేస్తరు ఆంటీ?" అని అడిగినవాడు వీళ్ళందరిలో అతనొక్కడే. వాళ్ళింట్లో స్టీలు తీగతో నేర్పాను. చెయ్యి నిదానం. మొదటి ముడి చూసి ఇదేంటని అడిగితే, "నాక్కూడ తెల్వద్ ఆంటీ" అన్నాడు. అబద్ధం ఆడలేదు, అది నచ్చింది.

పనిబల్ల గోడకు బిగించి ఉంది. ఊడదీస్తే గోడ పెచ్చులు ఊడతాయి, అందుకని ఊడదీయకూడదు. అర్సలాన్ పని చేసుకోవాలంటే మా ఫ్లాటుకే రావాలి. మా ఆయన తలుపు తీయాలి. తలుపు తీశాక టీ ఇస్తారో లేదో ఆయన సంస్కారం.

అర్సలాన్ తల్లి ఫహ్మీదా గారికి మెలికల గాజు. ఇది ప్రత్యేకంగా ఆవిడ కొలతకు చేసింది. పెళ్ళికి ముందు మొదటిసారి కలిసినప్పుడు ఆవిడ నాకంటే ఎక్కువ ఏడ్చి ఉంది. "అక్కా, మావోడు నాక్కూడ ఆఖరికే చెప్పిండు. మీ ఆయన ఒక్కడే అనుకుంటుండా ఏంది? నేను కోపం చేసి రెండు దినాలు వంట బంద్ పెట్టిన. ఆకలైంది, మల్ల మొదలువెట్టిన" అంది. ఈ వీలునామాలో వచ్చే మనుషుల్లో కాస్త తెలివైనది ఆవిడే. శిలువ వద్దు, ఒట్టి ముడి అయితే వేసుకుంటానంది. ఒట్టి ముడే చేశాను.

9. మిగిలిన శిలువలు, ముడులు, షామ్రాక్‌లు అన్నీ మహతికి. అమ్ముకున్నా సరే, దాచుకున్నా సరే, ఎవరికైనా పంచిపెట్టినా సరే. అమ్మితే మాత్రం ఐర్లండులో చేసినవని అట్టపెట్టె మీద రాయకూడదు. హౌగాంగ్‌లో, బందరు మనిషి చేసిందని రాయాలి. అలా రాస్తే కొనరు అంటుంది. కొనకపోనీ.

పెట్టె అడుగున వంకరగా ఉన్న చిన్న ముడి ఒకటుంది. ఎనిమిదేళ్ళ వయసులో నా పక్కన కూర్చుని మహతి చేసింది. దాన్ని సరిచేయడానికి ఎన్నోసార్లు పట్టకారు తీసుకున్నాను. చేయలేదు. అది కూడా దానికే. నువ్వూ సరిచేయకు.

10. మండాయి శ్మశానంలో దహనం. ఆ రోజు ఎవరూ పోట్లాడుకోకూడదు. ఎవరూ నా మతం గురించి పంచాయితీ పెట్టకూడదు. నా మెడలో ఏదీ ఉంచొద్దు. వెండి కాల్చి పారేసేంత వెర్రిదాన్ని కాదు.

11. ఈ క్లాజు చిత్తులో లేదు. సాక్షులు వచ్చి కూర్చున్నాక, సంతకానికి ముందు రాస్తున్నాను.

నా భర్తకు ఇందులో భాగం ఉంది గనక ఆయన సాక్షిగా ఉండకూడదని నిదా చెబితే, "నాకేం సరదా కాదు" అని సోఫాలో అటు తిరిగి పేపరు పట్టుకుని కూర్చున్నారు. నిదా కాగితాలు సరిచూస్తూ, "ఆంటీ, అమలు చేసేటోళ్ళిద్దరి ఫోన్ నంబర్లు వెయ్యాలె. మహతిది చెప్పండి" అంది.

నాకు నంబర్లు గుర్తుండవు. ఫోను వేరే గదిలో చార్జింగులో ఉంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో తెలియలేదు. సాక్షిగా వచ్చిన అరుణమ్మ గారు దిండ్ల కింద వెతుకుతున్నారు. ఇంకో సాక్షి భద్రయ్య బల్ల కింద చూస్తున్నాడు. మీ ఫోన్లో ఉందా అని ఆయన్ని అడగలేదు, అడగడం దండగ. గొడవైన మర్నాడే, నా కళ్ళ ముందే, ఆ నంబరు ఫోన్లోంచి తీసేశారు.

అప్పుడు పేపరు వెనక నుంచి మహతి నంబరు, ఎనిమిది అంకెలూ వినబడ్డాయి. గడగడా కాదు. ఒక్కోటీ విడివిడిగా, రాసుకునేవాళ్ళకు వీలుగా.

నిదా రాసింది. మేం ముగ్గురం వెతకడం ఆపాం. ఆయన పేపరు దించకుండా, "చివరిది ఏడు. ఒకటిలా రాస్తే రాంగ్ నంబరుకు పోతుంది. సరిగ్గా చూసి రాయమ్మా" అన్నారు.

ఇద్దరు సాక్షుల ఎదుట, వాళ్ళు చూస్తుండగా, ఇక్కడితో ఆపి సంతకం పెడుతున్నాను.

సింగపూరు, హౌగాంగ్
2025 జులై 19, శనివారం

(సంతకం)
అడపా తారాదేవి

మా ముందు ఆమె సంతకం చేయగా, ఆమె ముందు, ఒకరి ఎదుట ఒకరం సంతకాలు చేసిన సాక్షులు:

1. గుమ్మడి భద్రయ్య, షిప్‌యార్డులో వెల్డరు
2. కొల్లి అరుణమ్మ, అదే బ్లాకు, ఆరో అంతస్తు